స్టాండర్డ్ హెరాల్డ్

స్టాండర్డ్ హెరాల్డ్ మద్రాసు (నేటి చెన్నై) శివార్లలో 1961 నుండి 1970వ దశకము తొలినాళ్ళ వరకు తయారైన ఒక చిన్న కారు. బ్రిటన్‌లోని కోవెంట్రీ నగరమునకు చెందిన ట్రయంఫ్ హెరాల్డ్ దీనికి మూలరూపము. 1960వ దశకములో భారతీయుడు కొత్తగా కొనగలిగిన కార్లు ప్రధానముగా మూడే: అంబాసిడర్, ఫియట్, హెరాల్డ్. ఈ మూడింటిలో అన్నిటికంటే తక్కువగా అమ్ముడైనది హెరాల్డ్. అయినను, వాడినవారు ముచ్చటగాను, విసుగుగాను, తరచు ఒకే వాక్యములో రెండు విధములుగాను తలచుకునేది దీనినే. కర్నూలు, నంద్యాల, ఆత్మకూరు ప్రాంతముల దారుల వంటి చోట్ల ఈ కారు ఎట్లు నడిచేదో, దానికి కారణములేమిటో కూడా ఈ వ్యాసములో వివరింపబడినది.

పేరు

ఆంగ్లములో హెరాల్డ్ అనగా చాటింపు వేసేవాడు, రాజుగారి వార్తాహరుడు. స్టాండర్డ్ అన్నది కంపెనీ పేరు. కోవెంట్రీలో రెజినాల్డ్ మాడ్‌స్లే 1903లో స్థాపించిన స్టాండర్డ్ మోటార్ కంపెనీ 1944లో ట్రయంఫ్ కంపెనీని కొనుగోలు చేసినది. తరువాతి కాలములో బ్రిటన్‌లో స్టాండర్డ్ అనే మాటకు "సాదాసీదా రకము" అనే అర్థము బలపడి, కార్ల అమ్మకమునకు ఆ పేరే అడ్డము రాసాగినది. 1963లో అక్కడ ఆ పేరును మానివేసి ట్రయంఫ్ పేరునే ఉంచుకున్నారు. మన దేశములో జరిగినది దీనికి సరిగ్గా వ్యతిరేకము. తెలుగువారి వాడుకలో "స్టాండర్డ్ సరుకు" అంటే నాణ్యమైన సరుకు. అందువలన పుట్టినింట చెల్లని పేరు మెట్టినింట మరో పాతికేళ్ళు గౌరవముగా చెలామణి అయినది.

నేపథ్యము

కర్నూలు జిల్లా 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడే వరకు మద్రాసు రాష్ట్రములో అంతర్భాగము. కోర్టు వ్యవహారములు, ఉన్నత విద్య, పెద్ద వైద్యము వలెనే మోటారు వ్యాపారము కూడా మద్రాసుతోనే ముడిపడి ఉండేది. స్వాతంత్ర్యమునకు ముందు దొరలు, జమీందారులు, పేరున్న వకీళ్ళు వాడిన ఆస్టిన్, మోరిస్ వంటి చిన్న బ్రిటిష్ కార్లు ఆ మహానగరపు రేవులో దిగి జిల్లాలకు వచ్చేవి.

స్వాతంత్ర్యానంతరము పరిస్థితి మారినది. 1948లో మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా ఏర్పడి, మొదట వాన్‌గార్డ్ అనే పెద్ద కారును, తరువాత స్టాండర్డ్ ఎయిట్, స్టాండర్డ్ టెన్ అనే చిన్న కార్లను బిగించి అమ్మినది. కర్మాగారము వండలూరు సమీపమున పెరుంగళత్తూరులో ఉండేది. 1953లో టారిఫ్ కమిషన్ చేసిన సిఫారసుల మేరకు, విడిభాగములను క్రమముగా దేశములోనే తయారు చేయు ప్రణాళిక గల కంపెనీలకు మాత్రమే ప్రభుత్వము అనుమతినిచ్చినది. ఫోర్డ్, జనరల్ మోటార్స్ సంస్థలు ఇక్కడి బిగింపు కేంద్రములను మూసుకుని వెళ్ళిపోయినవి. కార్ల రంగములో కలకత్తా వద్ద ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్, బొంబాయిలో ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్ మిగిలినవి.

ఈ మూడింటిలో రెండు బ్రిటిష్ వంశమునకు చెందినవే. హిందుస్థాన్ మోటార్స్ వారు అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన మోరిస్ మైనర్‌ను "బేబీ హిందుస్థాన్" పేరుతో కొంతకాలము అమ్మినారు. వారి అంబాసిడర్ 1950వ దశకపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కు మన దేశపు రూపము. అది 2014 వరకు తయారైనది. ఫియట్ ఇటలీది. 1959లో కార్ల పంపిణీ, అమ్మకముల నియంత్రణ ఉత్తర్వు వచ్చిన తరువాత కొత్త కారు కావలసినవారు డబ్బు కట్టి వరుసలో నిలబడవలసి వచ్చేది. ఫియట్ కొరకు ఏళ్ళ తరబడి వేచి ఉన్నవారు కలరు.

మూలరూపము

హెరాల్డ్ నిర్మాణమును అర్థము చేసుకొనుటకు ఒక వ్యాపార సంఘటనను తెలుసుకొనవలెను. స్టాండర్డ్ కంపెనీకి కారు పైభాగములను (బాడీలను) చేసి ఇచ్చే ఫిషర్ అండ్ లడ్‌లో అనే సంస్థను 1953లో పోటీదారైన బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ కొనివేసినది. అప్పటికే కార్ల పరిశ్రమ, ఛాసిస్ లేకుండా మొత్తము బాడీని ఒకే పెట్టెగా అతుకు పద్ధతి వైపు మళ్ళినది. అంత పెద్ద పెట్టెను చేసి ఇచ్చేవారు కరవైనందున, కోవెంట్రీ ఇంజనీర్లు పాత పద్ధతికే తిరిగి వెళ్ళినారు. ఉక్కు ఛాసిస్ విడిగా ఉంచి, బాడీని అనేక ముక్కలుగా వేర్వేరు చోట్ల చేయించి, వాటిని ఛాసిస్ మీద బోల్టులతో బిగించినారు.

"జోబో" అనే సంకేతనామముతో సాగిన ఈ పథకమునకు టూరిన్ నగరపు శిల్పి జొవానీ మికెలోటి ఆకృతినిచ్చినాడు. పదునైన అంచులు, పల్చని పైకప్పు స్తంభములు, వెనుక చిన్న రెక్కలు, నలువైపులా వెడల్పైన అద్దములు దాని లక్షణములు. విడుదలకు ముందు కార్లను కేప్ టౌన్ నుండి టాంజియర్ వరకు ఆఫ్రికా ఖండము పొడవునా నడిపి పరీక్షించినారు. 1959 ఏప్రిల్‌లో అది బ్రిటన్‌లో విడుదలైనది. 1961లో లేలండ్ సంస్థ స్టాండర్డ్-ట్రయంఫ్‌ను వశపరచుకున్నది. బ్రిటన్‌లో హెరాల్డ్ ఉత్పత్తి 1971లో ముగిసినది. దీని ఛాసిస్ ఆధారముగానే స్పిట్‌ఫైర్ అనే క్రీడా కారు కూడా తయారైనది.

గత్యంతరము లేక ఎంచుకున్న ఆ ముక్కల పద్ధతియే విదేశములలో గొప్ప సౌకర్యమైనది. ముక్కలను పెట్టెలలో సర్ది ఓడలో పంపినచో, భారీ అచ్చుయంత్రములు లేని దేశములో కూడా కారును బిగించుకొనవచ్చును. మద్రాసుకు హెరాల్డ్ రాగలుగుటకు ఇది ఒక ముఖ్య కారణము.

నిర్మాణము

తొలి నమూనాలో 948 సి.సి. సామర్థ్యము గల నాలుగు సిలిండర్ల ఓవర్‌హెడ్ వాల్వు ఇంజను ఉండేది. బోరు 63 మి.మీ., స్ట్రోకు 76 మి.మీ. బ్రిటిష్ మూలరూపములో ఒకే కార్బురేటరుతో దీని శక్తి సుమారు 35 అశ్వశక్తి, గరిష్ఠ వేగము గంటకు సుమారు 110 కి.మీ. పోల్చి చూచినచో అంబాసిడర్ ఇంజను 1489 సి.సి., ఫియట్ 1100 ఇంజను 1089 సి.సి. హెరాల్డ్ బరువు సుమారు 800 కిలోలు, పొడవు నాలుగు మీటర్లకు కొంచెము తక్కువ. గేర్లు నాలుగు. మొదటి గేరుకు సింక్రోమెష్ లేదు. అనగా బండి కదులుచుండగా ఆ గేరులోనికి దిగవలెనన్న చాకచక్యము కావలెను, లేనిచో గేరుబాక్సు గట్టిగా అరచి నలుగురికీ చాటింపు వేసేది.

రెండు విశేషములను ఎవరూ మరువలేదు. మొదటిది బానెట్. ఇతర కార్లలో పై మూత మాత్రమే లేచును. హెరాల్డ్‌లో ఇరుప్రక్కలనున్న కొక్కెములను విప్పగానే మడ్‌గార్డులు, దీపములతో సహా ముందుభాగమంతా ముందుకు వంగి తెరచుకొనును. ఇంజను, స్టీరింగు, ముందు చక్రముల సస్పెన్షన్ బట్టబయలుగా కనిపించును. మెకానిక్ ముందు చక్రము మీద తీరికగా కూర్చుండి టాపెట్లు సరిచేసుకొనవచ్చును. విద్యార్థులకు ఉష్ణయంత్రము పాఠము చెప్పుటకు ఇంతకంటే మంచి బోధనోపకరణము దొరకదని ఒక ఉపాధ్యాయునిగా నా అభిప్రాయము.

రెండవది మలుపు. ముందు చక్రములు ఎంతో కోణము వరకు తిరుగుట వలన కారు కేవలము 25 అడుగుల (సుమారు 7.6 మీటర్ల) వలయములో పూర్తిగా వెనుదిరుగును. ఎడ్లబండి అడ్డము నిలిచిన సందులలోను, సంతవీధులలోను దీని విలువ తెలిసేది.

వెనుక చక్రముల ఏర్పాటు మిగిలిన రెండు కార్ల కంటే భిన్నమైనది. అంబాసిడర్‌కు, ఫియట్‌కు వెనుక ఒకే బిగుతైన ఇరుసు ఉండగా, హెరాల్డ్‌కు ఇరువైపులా విడివిడిగా ఊగే సగపు ఇరుసులు, వాటి మీద అడ్డముగా ఒకే కమాను కట్ట ఉండేవి. ఒక చక్రము గుంతలో పడినను రెండవ చక్రమునకు కుదుపు అంతగా తెలియదు. ఈ సుగుణమునకు తోడుగా వచ్చిన చిక్కు గురించి దిగువ చెప్పబడినది.

భారతీయ రూపాంతరములు

మద్రాసులో 1961లో మొదలైన హెరాల్డ్‌కు రెండే తలుపులు. బ్రిటిష్ యువ దంపతులకు అది చాలును గాని, అత్తమామలు, పిల్లలు, చుట్టములు కలిసి ప్రయాణించే మన కుటుంబములకు చాలదు. ముందు సీటు వంచి వెనుకకు దూరవలెనన్న చీర కట్టిన స్త్రీలకు, పంచె కట్టిన పెద్దలకు ఎంత ఇబ్బందియో చెప్పనక్కరలేదు. అంబాసిడర్, ఫియట్ రెండింటికీ నాలుగు తలుపులుండుట వలన అమ్మకములలో కూడా ఇది లోటైనది. 1960వ దశకము చివరలో మద్రాసు ఇంజనీర్లు హెరాల్డ్‌కు మరి రెండు తలుపులు చేర్చినారు. నాలుగు తలుపుల హెరాల్డ్ భారతదేశము కొరకే ప్రత్యేకముగా రూపొందినది. కోవెంట్రీ వారు అటువంటిది అమ్మలేదు. బాడీ ఛాసిస్‌కు బోల్టులతో బిగించినదగుట వలన ఈ మార్పు సులభమైనది. దీని నుండియే కంపానియన్ అనే పొడవైన స్టేషన్ వ్యాగన్ కూడా వచ్చినది.

1970వ దశకము తొలినాళ్ళలో హెరాల్డ్ స్థానములో స్టాండర్డ్ గజెల్ వచ్చినది. ముందుభాగపు రూపు మారినది. ఊగే ఇరుసును తీసివేసి అందరికీ తెలిసిన బిగుతైన ఇరుసును అమర్చినారు. ఊగే ఇరుసు యజమానులకు, మెకానిక్కులకు అంతగా నచ్చకపోవుటయే దీనికి కారణము. ప్రయాణపు మెత్తదనము కొంత తగ్గినను, మరమ్మతు ఎక్కడైనను జరుగు వీలు కలిగినది. చెన్నపట్టణములో సరియనిపించినది వేరు, తాలూకా కేంద్రములో పనికివచ్చేది వేరు అని గ్రహించి చేసిన మార్పు ఇది.

వాడకములోని సుఖదుఃఖములు

తాలూకా స్థాయి ఊళ్ళలో సొంత కారు గలవారు అప్పట్లో వేళ్ళ మీద లెక్కింపదగినవారు: వైద్యులు, గుత్తేదారులు, పెద్ద రైతులు. వారిలో హెరాల్డ్ కొన్నవారు సాధారణముగా బండి తామే నడుపుకొనేవారు. డ్రైవరును పెట్టుకొనేవారు అంబాసిడర్ వైపు మొగ్గేవారు.

బాడీ ముక్కల అతుకుల వద్ద రబ్బరు పట్టీలు ఉండేవి. ఎండకు అవి పెళుసుబారినచో వానాకాలములో నీరు కాళ్ళ దగ్గరకు చేరేది. రేగడి నేలల దుమ్ము వేసవిలో అదే దారిన లోపలికి వచ్చేది. బోల్టులు సడలుకొద్దీ బండికి ఒక సొంత సంగీతము ఏర్పడేది. ఏ శబ్దము ఎక్కడిదో యజమానికి తెలియును, ఇతరులకు తెలియదు.

వేసవిలో మరియొక బాధ. ఇంజను ప్రక్కన ఉండు పెట్రోలు పంపు మితిమీరి వేడెక్కినచో గొట్టములోని పెట్రోలు ఆవిరియై, కార్బురేటరుకు ద్రవము అందక బండి ఆగిపోవును. పంపు మీద తడిగుడ్డ చుట్టి, కొంతసేపు చెట్టు క్రింద వేచి, పంపుకున్న చిన్న మీటను చేతితో పలుమారు కదిపినచో మరల నడచును. బాష్పీభవనము వలన చల్లదనము కలుగునన్న సూత్రము ఇక్కడ ప్రత్యక్షము. కుండలోని నీరు చల్లబడుటకు, హెరాల్డ్ మరల కదలుటకు కారణము ఒకటే.

రాత్రివేళ డైనమో సంగతి తలచుకొనక తప్పదు. ఆ కాలపు డైనమోలు ఇంజను నెమ్మదిగా తిరుగునప్పుడు బ్యాటరీని చాలినంత నింపలేవు. ఎడ్లబండ్ల వరుస వెనుక మెల్లగా పోవలసి వచ్చినచో దీపములు ఎర్రబారేవి. 1961లో స్థాపింపబడిన లూకాస్ టీవీఎస్ సంస్థ మద్రాసు సమీపములోని పాడిలో విద్యుత్ భాగములను తయారు చేయుట మొదలైన తరువాత ఇటువంటి భాగములు దేశములోనే దొరకసాగినవి.

అన్నిటికంటే ముఖ్యమైనది ముందు చక్రముల ట్రనియన్. చక్రమును మోయు నిలువు ఉక్కు కడ్డీ దిగువ కొన మరలు కలిగి, ఇత్తడి వంటి లోహపు దిమ్మెలో తిరుగును. స్టీరింగు తిప్పినప్పుడెల్లా ఈ మరలు ఒకదానిలో ఒకటి తిరుగుచుండును. వీటికి గేరు నూనె పట్టించవలెను, గ్రీజు కాదు. గ్రీజు మరల లోతునకు చేరదు, ఎండి గట్టిపడును. నీరు చేరి ఉక్కు తుప్పు పట్టును. చివరకు ఒకనాడు కడ్డీ విరిగి చక్రము ప్రక్కకు పడిపోవును. ఇది ఎక్కువగా బండిని నిలుపుటకై స్టీరింగును పూర్తిగా తిప్పినప్పుడు జరుగుట అదృష్టము. వేగములో జరిగినచో ప్రాణాపాయము.

మన ఊళ్ళ సర్వీసింగ్ పద్ధతి దీనికి సరిగ్గా విరుద్ధమైనది. ఒత్తిడి నీటితో బండి అడుగుభాగమును కడుగుట, ఆ తరువాత కనబడిన ప్రతి నిపిల్‌కు గ్రీజు గన్ను పెట్టుట "వాటర్ సర్వీసింగ్" అనబడును. లారీలకు, అంబాసిడర్లకు అది మంచిదే. హెరాల్డ్‌కు మాత్రము కడిగిన నీరు మరలలోనికి పోయి, తరువాత పెట్టిన గ్రీజు దానిని లోపలే బంధించును. కనుక శ్రద్ధ గల యజమాని దగ్గర నిలబడి, "వీటికి గ్రీజు వద్దు, నూనె" అని ప్రతిసారీ చెప్పవలసి వచ్చేది. ఈ ఒక్క సంగతి తెలిసినవారి బండి ఏళ్ళ తరబడి నడిచినది. తెలియనివారు కారునే తిట్టుకున్నారు. ట్రనియన్ నిర్మాణములో లోపమున్నదా అన్నది వాదాంశము. ఇంగ్లండులోని లోటస్ సంస్థ తన క్రీడా కార్లకు ఈ భాగమునే వాడుకున్నది. లోపము కంటే సమాచార లోపమే పెద్దదని చెప్పుట న్యాయము. నూనె పట్టించు విధానము ఆంగ్ల పుస్తకములో ఉన్నది. పని చేయు మెకానిక్ చేతికి ఆ పుస్తకము రాలేదు, వచ్చినను తెలుగులో లేదు.

నల్లమల దారిలో

ఆత్మకూరు నంద్యాల జిల్లాలో (2022 ఏప్రిల్ 4 వరకు కర్నూలు జిల్లాలో) నల్లమల అంచున ఉన్న పట్టణము. కర్నూలు నుండి నందికొట్కూరు మీదుగా వచ్చిన రోడ్డు ఆత్మకూరు దాటగానే అడవిలో ప్రవేశించి, బైర్లూటి మీదుగా కొండలు దాటి దోర్నాల చేరును. శ్రీశైలమునకు కాలినడకన పోవు శివరాత్రి యాత్రికులు నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా ప్రాచీన మార్గములో వెళ్ళగా, మోటారు వాహనములు దోర్నాల చుట్టు తిరిగి పోవలెను. హెరాల్డ్ స్వభావములో మంచిచెడ్డలు రెండును ఇటువంటి ఘాట్ రోడ్డులో స్పష్టముగా బయటపడును.

ఎక్కునప్పుడు 948 సి.సి. ఇంజను ఐదుగురు మనుషులను, సామానును రెండవ గేరులో లాగవలెను. దారిలో ఎద్దుల మంద అడ్డుపడి వేగము పోయినచో మొదటి గేరు తప్పదు; దానికి సింక్రోమెష్ లేదని పైన చెప్పితిమి. రేడియేటరు కొరకు నీళ్ళ డబ్బా లేకుండా బయలుదేరుట సాహసమే. దిగునప్పుడు నాలుగు చక్రములకూ డ్రమ్ము బ్రేకులే గనుక, విడువక తొక్కినచో అవి వేడెక్కి పట్టు తప్పును. ఏ గేరులో ఎక్కితిమో ఆ గేరులోనే దిగవలెనన్న పాత డ్రైవర్ల సూత్రము అందుకే.

ఊగే ఇరుసు చిక్కు మలుపులలో కనబడును. మలుపులో వేగముగా పోవుచు భయపడి ఒక్కసారిగా యాక్సిలరేటరు వదలినచో, వెనుకభాగము పైకి లేచి, బయటివైపు చక్రము లోనికి ముడుచుకొని, బండి వెనుకవైపు జారును. మలుపుకు ముందే నెమ్మదించి, మలుపులో సన్నగా యాక్సిలరేటరు ఇచ్చుచు పోయినచో ఏ ఇబ్బందీ లేదు. బరువు ఎక్కువగా ఉన్నప్పుడు వెనుకభాగము క్రిందికి కుంగి చక్రముల పైఅంచులు లోపలికి వాలును. అప్పుడు జారు గుణము తగ్గును గాని టైర్ల లోపలి అంచు త్వరగా అరిగిపోవును. వాడుకలో పెద్దది జారుట కాదు, టైర్ల ఖర్చే. హేర్‌పిన్ వంపులలో మాత్రము ఆ 25 అడుగుల మలుపు హెరాల్డ్‌కు సాటిలేని సౌఖ్యము.

పెట్రోలు ట్యాంకు డిక్కీలో ఒక ప్రక్కన ఉండేది. స్కూటరుకు ఉన్నట్లు దీనికి కూడా రిజర్వు మీట ఒకటి ట్యాంకు మీదనే ఉన్నది. చివరి కొద్దిపాటి పెట్రోలు కావలెనన్న బండి దిగి, డిక్కీ తెరచి మీట త్రిప్పవలెను. ఆలోచన బాగున్నది. కాని యాత్రకు పోవునప్పుడు ఆ డిక్కీలో పరుపుచుట్టలు, ట్రంకుపెట్టెలు, వంటపాత్రలు ఉండును. పెట్రోలు బంకు లేని అడవి మధ్యలో సామానంతా రోడ్డు మీద పేర్చి మీట త్రిప్పుకొనుట ఎటువంటిదో ఊహింపవచ్చును.

ఉత్పత్తి ముగింపు

1969లో ప్రభుత్వము కార్ల ధరలను నిర్ణయింపగా తయారీదారులు సుప్రీంకోర్టుకు వెళ్ళినారు. 1973 చమురు సంక్షోభముతో పెట్రోలు ధర పెరిగి కార్ల గిరాకీ పడిపోయినది. మూడింటిలో చిన్నదైన స్టాండర్డ్ సంస్థకు ఇది పెద్ద దెబ్బ. గజెల్ ఉత్పత్తి 1970వ దశకము చివరలో ఆగిపోయి, కొంతకాలము వ్యాన్ల తయారీ మాత్రమే సాగినది. 1985లో అదే సంస్థ స్టాండర్డ్ 2000 అనే పెద్ద కారును విడుదల చేసినది. రోవర్ కారు బాడీలో పాత వాన్‌గార్డ్ వంశపు ఇంజనును అమర్చిన ఆ ప్రయత్నము ఫలించలేదు. 1988 నాటికి కర్మాగారము మూతపడినది.

ఆ తరువాత హెరాల్డ్ యజమానులకు విడిభాగములు మద్రాసు మౌంట్ రోడ్డు పరిసరముల పాత దుకాణములలోను, పుదుపేట పాత సామాను అంగళ్ళలోను వెదకుకొనుటయే గతియైనది. రోడ్డు మీద నడువని హెరాల్డ్ ఒకదానిని కొని, దాని భాగములతో నడిచే దానిని నిలుపుకొనుట కూడా కలదు. అందువలన మిగిలిన బండ్ల సంఖ్య మరింత తగ్గినది.

నేటి స్థితి

హైదరాబాదు, చెన్నై వంటి నగరములలోని పాత కార్ల ప్రదర్శనలలో హెరాల్డ్ అప్పుడప్పుడు కనిపించును. దానిని ఉంచుకున్నవారికి నేటి ఇబ్బందులు వేరు. 2000 ఫిబ్రవరి నుండి దేశమంతటా సీసము లేని పెట్రోలే అమ్ముచున్నారు. పోత ఇనుప హెడ్డు గల పాత ఇంజన్లలో వాల్వు పీటలకు సీసము ఒక విధమైన రక్షణగా ఉండేది. అది లేనందున గట్టి పీటలను కొత్తగా అమర్చుకొనవలసి వచ్చుచున్నది. ఇథనాలు శాతము పెరిగి 2025 నాటికి 20కి చేరినది. ఇథనాలు పాత రకపు రబ్బరు గొట్టములను, పంపులోని పొరను మెత్తబరచును గనుక వాటిని కూడా మార్చుకొనవలెను.

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము 50 ఏళ్ళు దాటిన, మార్పులు చేయని వాహనములను వింటేజ్ వర్గములో నమోదు చేసుకొను విధానమును ప్రకటించినది. వాటి నంబరులో "వీఏ" అను అక్షరములుండును. మొదటి నమోదు రుసుము 20,000 రూపాయలు, తిరిగి నమోదుకు 5,000 రూపాయలు. 1960వ దశకపు హెరాల్డులన్నియు వయస్సు రీత్యా ఇప్పుడు ఈ వర్గమునకు అర్హములే. అయితే ఇట్లు నమోదైన కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు తప్ప రోజువారీ అవసరములకు నడుపరాదు. ఆ వర్గములో చేరనివారు మామూలు నిబంధనల ప్రకారము 15 ఏళ్ళు దాటిన తరువాత ప్రతి ఐదేళ్ళకు ఒకసారి ధ్రువీకరణ పునరుద్ధరించుకొనవలెను. తాతగారి హెరాల్డ్‌లో ఒకసారి శ్రీశైలము పోయి రావలెనని తలచు మనుమడు, నంబరు పలక మార్చుకొనుటకు ముందే ఈ రెండింటిలో ఏది తనకు తగునో నిర్ణయించుకొనవలెను.